గెల్డ్రియా కోట

గెల్డ్రియా కోట, తమిళనాడు రాష్ట్రము తిరువళ్ళూరు జిల్లాలోని పులికాట్ (పళవేర్కాడు) గ్రామములో, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న శిథిలమైన కోట. డచ్చి ఈస్టిండియా కంపెనీ దీనిని క్రీ.శ. 1613లో నిర్మించినది. విజయనగర సామ్రాజ్యమును చంద్రగిరి, రాయవేలూరుల నుండి పరిపాలించిన ఆరవీటి వంశపు రాజు వేంకటపతిరాయలు ఇచ్చిన అనుమతితో ఈ స్థావరము ఏర్పడినది. 1690 వరకు కోరమాండల్ తీరములోని డచ్చి స్థావరములన్నింటికి ఇదియే ముఖ్య కేంద్రము. 1805లో ఇంగ్లీషువారు దీనిని కూల్చివేసినారు.

యూరపులో సాంస్కృతిక పునరుజ్జీవన కాలమున ఫిరంగుల దెబ్బకు తట్టుకొనుటకై ఒక కొత్త కోట నిర్మాణ పద్ధతి పుట్టినది. తెలుగు రాజుల ఏలుబడిలో ఉన్న తీరమున ఆ పద్ధతిలో వెలసిన తొలి కోటలలో గెల్డ్రియా ముఖ్యమైనది. దీనిని కట్టినది రాజు కాదు, ఒక వర్తక సంఘము. సరకు కొనుటకు వచ్చినవారు గిడ్డంగి చుట్టూ గోడ కట్టుకొని, ఆ గోడల మీద ఫిరంగులు నిలిపి, క్రమముగా తీరములో బేరము చెప్పగల శక్తిగా ఎట్లు మారినారో తెలుసుకొనుటకు ఈ కోట చరిత్ర మంచి ఉదాహరణ.

పేరు

నెదర్లాండ్సు దేశములోని గెల్డర్లాండు అను రాష్ట్రమునకు లాటిన్ రూపము గెల్డ్రియా. కోటను పూర్తి చేయించిన డచ్చి అధికారి వెమ్మర్ వాన్ బెర్ఖెమ్ ఆ రాష్ట్రమువాడు. అందువలన కోటకు తన స్వస్థలము పేరు పెట్టినాడు.

డచ్చివారిని తెలుగువారు వలందులు, ఒలందులు అని పిలిచేవారు. "హాలండు" అను మాట నుండి ఈ పేరు వచ్చినది. మచిలీపట్నములో వలందపాలెము అను పేట నేటికీ ఉన్నది. అదే ఊరిలో ఫ్రెంచివారి పేరున పరాసుపేట, ఇంగ్లీషువారి పేరున ఇంగ్లీషుపాలెము కూడ ఉన్నవి. పులికాట్ సరస్సునకు తెలుగులో ప్రళయకావేరి అను పేరు కూడ కలదు. సరస్సులో ఎక్కువ భాగము ఆంధ్రప్రదేశ్ లోనే ఉన్నది. కోట ఉన్న గ్రామము మాత్రము సరస్సు దక్షిణపు కొసన, తమిళనాడు పరిధిలో ఉన్నది.

నేపథ్యము

తీరము, వస్త్రములు

పదునారవ శతాబ్దము నాటికే పులికాట్ పెద్ద రేవు. ఇక్కడి నుండి అద్దకపు బట్టలు, గళ్ళ బట్టలు మలక్కా, జావా, సుమత్రా దీవులకు ఎగుమతి అయ్యేవి. చిరివేరుతో ఎరుపు, నీలిమందుతో నీలము రంగులు అద్దుటలో ఈ ప్రాంతపు పనివారు పేరుపొందినారు. మలయా భాషలో గళ్ళ లుంగీని నేటికీ "కాయిన్ పెలికాట్" అని అందురు. ఆ పేరు పులికాట్ రేవు నుండి వచ్చినదే.

ఈ శతాబ్దపు తొలి దశకములలోనే పోర్చుగీసువారు పులికాట్ లో స్థిరపడినారు. తరువాత వారి ముఖ్య స్థావరము మైలాపూరు వద్దనున్న శాంథోమ్ అయినది. తూర్పు దేశములకు పోవు ఓడల మీద వారు పెత్తనము చేయుచు, తమ అనుమతి చీటీ లేని ఓడలను పట్టుకొనేవారు.

ఒలందుల రాక

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో ఏర్పడినది. వాటాదారుల సొమ్ముతో నడచు ఈ వర్తక సంఘమునకు నెదర్లాండ్సు ప్రభుత్వము అసాధారణమైన అధికారములు ఇచ్చినది. తూర్పు దేశములలో రాజులతో సంధులు చేసుకొనుట, కోటలు కట్టుట, సైనికులను ఉంచుట అందులో ముఖ్యమైనవి. అందుచేత ఈ సంఘము వర్తకులవలె బేరము చేయగలిగినది, రాజ్యమువలె యుద్ధమూ చేయగలిగినది.

కంపెనీకి కావలసినవి మలుక్కు దీవులలోని లవంగములు, జాజికాయ, జాపత్రి. అయితే ఆ దీవుల ప్రజలు వెండి నాణెముల కంటె కోరమాండల్ బట్టలను ఎక్కువగా కోరేవారు. బట్ట లేనిదే సుగంధ ద్రవ్యము దొరకదు. ఈ కారణమున 1605-06 నాటికి డచ్చివారు గోల్కొండ సుల్తాను ఏలుబడిలోని మచిలీపట్నము, నిజాంపట్నములలో వర్తక స్థావరములు నెలకొల్పినారు. ఆ తరువాత దక్షిణ దిశగా వచ్చి 1610లో వేంకటపతిరాయలతో ఒప్పందము చేసుకొని పులికాట్ లో అడుగుపెట్టినారు. పోర్చుగీసువారిని అక్కడ వర్తకము చేయనీయకుండుట ఈ ఒప్పందములోని ముఖ్య విషయము.

రాజు వైపు నుండి చూచిన ఇందులో తప్పుపట్టదగినది కనపడదు. కొనువాడు ఒక్కడే అయిన రేవులో ధర తగ్గును, సుంకము తగ్గును. పోర్చుగీసువారికి పోటీగా మరియొకడు వచ్చిన రేవు ఆదాయము పెరుగును. పైగా పులికాట్ ప్రాంతపు ఆదాయము రాణివాసమునకు కేటాయించబడి ఉండెను.

నిర్మాణము

పోర్చుగీసువారు ఊరకుండలేదు. 1612లో శాంథోమ్ నుండి వచ్చి పులికాట్ లోని డచ్చి స్థావరము మీద దాడి చేసి, దానిని పాడుచేసి, అక్కడివారిని చెరపట్టినారు. అప్పటికి ఆ స్థావరము ఒక సామాన్యమైన వర్తకపు ఇల్లు మాత్రమే.

ఈ దాడి తరువాత వెమ్మర్ వాన్ బెర్ఖెమ్ వచ్చి, బలమైన కోట లేనిదే వర్తకము సాగదని రాజాస్థానముతో సంప్రదింపులు జరిపినాడు. రాణి తరఫున కోటను కట్టించవలెనని నిశ్చయమైనది. కాని పని నత్తనడకన సాగినది. పోర్చుగీసువారు ఎప్పుడు తిరిగి వచ్చెదరో తెలియని పరిస్థితిలో డచ్చివారు తామే పనిని చేతిలోనికి తీసుకొని 1613లో పూర్తి చేసినారు.

ఈ మార్పు పైకి చిన్నదిగా కనిపించును. రాణి కట్టించిన కోటలో వర్తకులు అద్దెకుండుట వేరు, వర్తకులు తమ ఖర్చుతో కట్టుకొన్న కోటలో తమ సైనికులతో ఉండుట వేరు. కోట పూర్తి అయిన కొద్దికాలములోనే స్థానిక నాయకులలో ఒకరు దానిని ముట్టడించినారు. పోర్చుగీసువారు కూడ దాడికి ప్రయత్నించినారు. ఎవరికీ అది చిక్కలేదు.

కోట రూపము

గెల్డ్రియా నలుచదరపు కోట. నాలుగు మూలల నాలుగు కోణాకారపు బురుజులు, చుట్టూ నీటి కందకము ఉండేవి. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1652లో ఇక్కడికి వచ్చినాడు. కోటలో సుమారు 200 మంది సైనికులు ఉండేవారనియు, బురుజుల మీద మంచి ఫిరంగులు ఉన్నవనియు, ఊరివారు ఇసుకలో చెలమలు త్రవ్వి మంచినీరు తెచ్చుకొనేవారనియు అతడు వ్రాసినాడు.

కొత్త పద్ధతి ఎందుకు పుట్టినది?

పాత కోటలకు ఎత్తే బలము. నిచ్చెనలు వేసి ఎక్కువారిని, బాణములు వేయువారిని ఎత్తైన గోడ ఆపగలదు. 1494లో ఫ్రాన్సు రాజు ఎనిమిదవ ఛార్లెసు కంచు ఫిరంగులతో ఇటలీ మీదికి దండెత్తినప్పుడు ఈ నమ్మకము సడలినది. ఎత్తైన పలుచని గోడ ఫిరంగికి సులువైన గురి. అది ఒకచోట విరిగిన, పైభాగమంతయు కూలి కందకమును పూడ్చి శత్రువునకు దారి ఇచ్చును.

పాత బురుజులకు మరియొక లోపము ఉన్నది. గుండ్రని బురుజు గాని, చదరపు బురుజు గాని, దాని ముందు మొదలులో కొంత నేల కోటలోని ఏ సైనికునికీ కనపడదు. శత్రువు అక్కడికి చేరిన, నిర్భయముగా గోడ క్రింద సొరంగము త్రవ్వగలడు.

ఇటలీ శిల్పులు ఈ రెండు లోపములను ఈ విధముగా సరిచేసినారు.

* గోడ ఎత్తును తగ్గించి, మందమును పెంచినారు. గోడ వెనుక మట్టి దిమ్మె పోసినారు. గుండు తగిలిన మట్టి దానిని మ్రింగివేయును.
* బురుజును బాణపు మొన ఆకారములో ముందుకు పొడుచుకొని వచ్చునట్లు కట్టినారు. ఒక బురుజు ప్రక్క నుండి కాల్చిన, రెండవ బురుజు ముఖము వెంబడి గుండు పోవును. కనపడని నేల మిగలదు.
* గోడ చుట్టూ వెడల్పైన కందకము, దానికి ఆవల వాలుగా చదును చేసిన బయలు ఉంచినారు. శత్రువు దాగుకొనుటకు చోటు ఉండదు.

ఈ పద్ధతిని అందరికంటె విస్తారముగా వాడిన సముద్ర వర్తక రాజ్యము వెనీసు. 1593లో వెనీసు నిర్మించిన పాల్మనోవా తొమ్మిది కోణముల నక్షత్రాకారపు పట్టణము. సైప్రస్ ద్వీపములోని నికోసియాకు 1567లో పదకొండు బురుజుల కోటగోడ కట్టించినది. అయినను 1570లో అది తురుష్కుల వశమైనది. ఎంత శాస్త్రీయముగా కట్టిన కోటకైనను లోపల తగినంత సైన్యము, బయటి నుండి సహాయము ఉండవలెనని ఇందువలన తెలియుచున్నది. ఇటలీ, క్రొయేషియా, మాంటెనెగ్రో దేశములలోని ఆరు వెనీసు రక్షణ నిర్మాణములను యునెస్కో 2017లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

డచ్చివారి మార్పులు

నెదర్లాండ్సు పల్లపు భూమి. రాయి అరుదు, నీరు సమృద్ధి. స్పెయిన్ తో చేసిన సుదీర్ఘ యుద్ధములో డచ్చివారు ఇటలీ పద్ధతిని తమ నేలకు అనుకూలముగా మార్చుకొన్నారు. రాతికి బదులు మట్టి దిమ్మెలు, ఎండు కందకమునకు బదులు నీటి కందకము వాడినారు. గణిత శాస్త్రజ్ఞుడు సైమన్ స్టెవిన్ 1594లో కోటల నిర్మాణము పై ఒక గ్రంథము ప్రచురించినాడు. లైడెన్ నగరములో 1600లో ప్రారంభమైన ఇంజనీర్ల పాఠశాలలో బోధన లాటిన్ లో గాక జనుల భాషలో జరిగినది.

కొండ లేదు, బండ లేదు, చుట్టూ ఇసుక, ఉప్పునీరు. పులికాట్ వంటి ఇటువంటి చోట పాత పద్ధతి కోట నిలువదు. డచ్చి పద్ధతి సరిగా ఇటువంటి నేల కొరకే పుట్టినది.

గండికోటతో పోలిక

రాయలసీమ పాఠకులకు గండికోట సుపరిచితము. కోయిలకుంట్లకు దక్షిణమున, కడప జిల్లా జమ్మలమడుగు సమీపమున పెన్నానది లోతైన గండికి అంచున ఆ కోట ఉన్నది. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో అది ప్రసిద్ధి పొందినది. అక్కడ ప్రకృతియే సగము కోట. ఒక ప్రక్క నిట్టనిలువు లోయ ఉన్నందున మిగిలిన వైపులకు ఎత్తైన గోడలు, బురుజులు కట్టిన చాలును. లోపల ధాన్యాగారము, కోనేరు, దేవాలయములు, మసీదు, ఊరు ఉన్నవి. అది రాజ్యమును, ప్రజలను కాపాడు కోట.

గెల్డ్రియాకు ప్రకృతి సహాయము స్వల్పము. దాని బలమంతయు గీతలలోను, కోణములలోను ఉన్నది. విస్తీర్ణములో గండికోట ముందు ఇది చాల చిన్నది. లోపల ఊరు లేదు. గిడ్డంగి, అధికారుల ఇండ్లు, సైనికుల బస మాత్రమే. ఎదురుగా కంపెనీ ఓడలు ఉన్నంతకాలము దీనికి ఆహారము, మందుగుండు సముద్రము మీదుగా వచ్చును. చుట్టుప్రక్కల నేలంతయు శత్రువు చేతిలో ఉన్నను ఆకలితో లొంగదు. గండికోటకు లేనిది ఈ సౌకర్యమే.

ఈ రెండు లోకములు ఒకదానికొకటి తెలియనివి కావు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను జయించిన తరువాత, 1652లో టావెర్నియే అతనిని అక్కడనే కలిసినాడు. మీర్ జుమ్లా కొలువులో ఉన్న క్లాడ్ మెయ్ అను ఫ్రెంచివాడు దేవాలయముల నుండి తెచ్చిన లోహ విగ్రహములను కరగించి ఫిరంగులు పోయుటకు పూనుకొన్నాడని టావెర్నియే వ్రాసినాడు. మీర్ జుమ్లా స్వయముగా ఓడలు నడిపిన పెద్ద వర్తకుడు కూడ. యూరపువారి ఫిరంగి విద్యను మన పాలకులు కొనగలిగినారు. కాని ఫిరంగి వెనుకనున్న నౌకాబలమును సమకూర్చుకొనలేదు.

కోట లోపలి వ్యవహారములు

గెల్డ్రియాలోని డచ్చి అధిపతి క్రింద కోరమాండల్ తీరములోని స్థావరములన్నియు పనిచేసేవి. ఇక్కడ జరిగిన ముఖ్యమైన పనులు ఇవి.

* గిడ్డంగి: తీరమంతటి నుండి వచ్చిన బట్టలను సరిచూచి, మూటలు కట్టి, బటావియాకు (నేటి జకార్తా) పంపేవారు. సరస్సు ముఖద్వారము లోతు తక్కువ. అందుచేత పెద్ద ఓడలు సముద్రములోనే లంగరు వేసేవి. సరకును పడవలలో చేరవేసేవారు.
* టంకశాల: కంపెనీ గుర్తుతో రాగి కాసులు, మరికొన్ని నాణెములు ముద్రించినారు.
* తుపాకిమందు కర్మాగారము: సూరేకారము, గంధకము, బొగ్గు కలిపి తుపాకిమందు తయారుచేసేవారు. పదునేడవ శతాబ్దములో బటావియాకును, ఇతర డచ్చి స్థావరములకును ఇక్కడి నుండి తుపాకిమందు పోయేది.

ఈ చివరి విషయము గమనింపదగినది. పులికాట్ నుండి పోయిన బట్టతో మలుక్కు దీవులలో లవంగములు కొన్నారు. పులికాట్ నుండి పోయిన తుపాకిమందుతో అదే సముద్రములో తమకు పోటీ లేకుండ చేసుకొన్నారు.

వర్తకులు, నేతగాండ్రు

కోట గోడల వెలుపల వ్యవహారమంతయు స్థానికుల చేతి మీదుగా జరిగేది. డచ్చివారికి నేతగాండ్రతో సూటిగా సంబంధము స్వల్పము. పెద్ద వర్తకులకు బయానా ఇచ్చేవారు. వారు తమ మనుషుల ద్వారా పల్లెలలోని నేతగాండ్రకు, అద్దకపువారికి ఆ సొమ్ము పంచి బట్ట నేయించేవారు.

ఇట్టి వర్తకులలో ప్రసిద్ధులు తెలుగు బలిజ కుటుంబమునకు చెందిన మలయ చెట్టి (డచ్చి దస్తావేజులలో అస్త్రప్ప అని కూడ ఇతనిని పేర్కొన్నారు), అతని తమ్ముడు చిన్నన్న చెట్టి. వీరు డచ్చివారికి సరకు సమకూర్చుచు, మరొక ప్రక్క సొంత ఓడలు నడిపినారు. రాజుల వద్ద రేవుల, గ్రామముల పన్ను వసూలును గుత్తకు తీసుకొన్నారు. మలయ చెట్టి 1634లో మరణించినాడు. చిన్నన్న చెట్టి తరువాత పాతికేండ్ల వరకు తీరపు రాజకీయములలో ముఖ్యుడుగా ఉన్నాడు. కనుక డచ్చివారు వచ్చిన వెంటనే స్థానిక వర్తకులు నశించినారనుట సరికాదు. తెలివిగలవారు కోటను కూడ తమ వ్యాపారములో ఒక భాగముగా చేసుకొన్నారు.

నేతగానికి మాత్రము ఇట్టి వెసులుబాటు లేదు. బయానా తీసుకొన్న మగ్గము మీద అతనికి స్వేచ్ఛ తగ్గును. బట్ట నాణ్యము బాగులేదని గిడ్డంగిలో తిరగగొట్టిన నష్టము అతనిదే. కరవు వచ్చి నూలు, బియ్యము ధరలు పెరిగిన భారము కూడ అతనిదే.

బానిసల వర్తకము

గెల్డ్రియా చరిత్రలో మరుగుపడిన అధ్యాయము బానిసల ఎగుమతి. 1619లో బటావియా స్థాపన జరిగినది. ఆ నగరమును కట్టుటకు, మలుక్కు దీవుల తోటలలో పనిచేయుటకు కంపెనీకి మనుషులు కావలసి వచ్చినారు. పదునేడవ శతాబ్దములో కోరమాండల్ తీరమున కరవులు, యుద్ధములు సంభవించినప్పుడెల్ల తిండిలేక తమను తాము అమ్ముకొన్నవారిని, తల్లిదండ్రులు అమ్మిన పిల్లలను, దళారులు ఎత్తుకొని వచ్చినవారిని కంపెనీ కొన్నది. పులికాట్ తో సహా ఈ తీరపు రేవుల నుండి వేలమంది ఈ విధముగా ఓడలెక్కినారు.

ఈ ఎగుమతి ఏటా ఒకే తీరుగా సాగలేదు. కరవు ఏండ్లలో మనిషి ధర పడిపోయేది, కొనుగోలు పెరిగేది. వానలు కురిసి పంటలు పండిన ఏండ్లలో తగ్గేది. అనగా బానిసల సంఖ్య తీరపు ప్రజల ఆకలికి కొలమానముగా ఉండినది. కోట గోడలు, కాపలా సైనికులు ఈ వర్తకమునకు కూడ ఉపయోగపడినవి.

రాజ్యములు మారినను

1614లో వేంకటపతిరాయలు మరణించినాడు. వెంటనే వారసత్వ కలహము చెలరేగినది. గొబ్బూరి జగ్గరాయడు ఒక పక్షము, వెలుగోటి యాచమనాయకుడు మరియొక పక్షము వహించి పోరాడినారు. ఈ అంతర్యుద్ధములో ఆరవీటి రాజ్యము బలహీనపడినది. 1640లలో ఈ ప్రాంతము గోల్కొండ వశమైనది. 1687లో గోల్కొండ మొగలుల వశమైనది. తరువాత ఆర్కాటు నవాబుల కాలము వచ్చినది.

అనుమతి ఇచ్చిన రాజవంశము అంతరించినను, అనుమతి పొందిన కోట నిలిచియే ఉన్నది. ప్రతి కొత్త ప్రభువు నుండి డచ్చివారు పాత హక్కులకు కొత్త ఫర్మానా తెచ్చుకొన్నారు. కోటను పడగొట్టుటకు అయ్యే ఖర్చు కంటె సుంకము, కానుకలు తీసుకొని ఊరకుండుట ప్రతి ప్రభువునకు లాభముగా తోచినది.

ఇంగ్లీషువారికి పాఠము

1619లో ఇంగ్లాండు, నెదర్లాండ్సుల మధ్య కుదిరిన ఒడంబడిక ననుసరించి 1621లో ఇంగ్లీషు వర్తకులు పులికాట్ కు వచ్చినారు. కోట ఖర్చులో భాగము మోయవలసి వచ్చినను, అధికారము మాత్రము వారికి దక్కలేదు. 1623లో వెళ్ళిపోయినారు. 1626లో పులికాట్ కు ఉత్తరమున, పూర్వపు నెల్లూరు జిల్లాలోని దుగరాజపట్నము వద్ద స్థావరము పెట్టి దానికి రక్షణ కట్టడములు కట్టుకొన్నారు. అప్పటి ఇంగ్లీషు దస్తావేజులలో దీనిని ఆర్మగాన్ అన్నారు.

ఆర్మగాన్ అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుని నుండి చెన్నపట్నము వద్ద స్థలము సంపాదించినాడు. అక్కడ 1640లో సెంట్ జార్జి కోట పని ప్రారంభమైనది. కోట లేని వర్తకునికి తీరములో గౌరవము లేదని ఇంగ్లీషువారు పులికాట్ లో ప్రత్యక్షముగా చూచినారు. తరువాతి రెండు శతాబ్దముల చరిత్రకు ఈ పాఠము మూలములలో ఒకటి.

క్షీణత, కూల్చివేత

1658లో డచ్చివారు పోర్చుగీసువారి నుండి నాగపట్నమును గెలుచుకొన్నారు. అదే ఏట సింహళ తీరము నుండి కూడ పోర్చుగీసువారు తొలగిపోయినారు. సింహళమునకు దగ్గరగా ఉండుట, ఉత్తరమున గోల్కొండ పతనము వలన కలిగిన అలజడి కారణముగా 1690లో ముఖ్య కేంద్రమును పులికాట్ నుండి నాగపట్నమునకు మార్చినారు. గెల్డ్రియా రెండవ స్థాయి స్థావరముగా మిగిలినది.

1780లో ఇంగ్లాండు, నెదర్లాండ్సుల మధ్య యుద్ధము ప్రారంభమైనది. 1781లో పులికాట్, నాగపట్నము రెండును ఇంగ్లీషువారి వశమైనవి. సంధి తరువాత పులికాట్ ను తిరిగి ఇచ్చినారు గాని, నాగపట్నమును ఇవ్వలేదు. 1795లో, ఫ్రెంచి విప్లవ యుద్ధముల కాలమున, ఇంగ్లీషువారు మరల పులికాట్ ను ఆక్రమించినారు. 1805లో కోటను కూల్చివేసినారు. శత్రువు చేతికి తిరిగి పోయినను పనికిరాకుండ చేయుట అప్పటి యుద్ధనీతి.

1818లో ఊరిని డచ్చివారికి అప్పగించినారు. అప్పటికి అక్కడ కోట లేదు. 1824 నాటి లండను సంధి ప్రకారము భారతదేశములోని డచ్చి స్థావరములన్నియు ఇంగ్లీషువారికి సంక్రమించినవి. 1825లో పులికాట్ లో డచ్చి పాలన ముగిసినది.

తెలుగు తీరములోని ఇతర డచ్చి స్థావరములు

* మచిలీపట్నము: గోల్కొండ రాజ్యపు ముఖ్య రేవు. బందరు కోట ప్రాంతములో తరువాత ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు కూడ ఉన్నారు.
* నిజాంపట్నము: తొలి స్థావరములలో ఒకటి. పాత పేరు పెద్దపల్లి (డచ్చివారి వ్రాతలలో పెటపోలి).
* పాలకొల్లు, ద్రాక్షారామము: గోదావరి మండలములో బట్టలు సేకరించిన కేంద్రములు.
* జగన్నాథపురము: కాకినాడలో భాగము.
* భీమునిపట్నము: ఇక్కడ కూడ డచ్చివారి కోట, సమాధులు ఉన్నవి.
* నాగులవంచ: నేటి ఖమ్మం జిల్లాలోని లోతట్టు స్థావరము.

నేటి స్థితి

గెల్డ్రియా కోట స్థలము నేడు చెట్లు, ముళ్ళపొదలు పెరిగిన దిబ్బ. కందకపు ఆనవాళ్ళు, కొన్ని పునాదులు తప్ప చూడదగిన కట్టడము లేదు. డచ్చి కోట గోడలను చూడదలచినవారు చెన్నైకి దక్షిణమునగల సద్రాసుపట్నము కోటకు పోవలెను.

కోట సమీపమునగల డచ్చి శ్మశానవాటిక మాత్రము భారత పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నది. దాని ద్వారమునకు ఇరువైపుల అస్థిపంజరముల శిల్పములు ఉన్నవి. సమాధుల పలకల మీద వంశచిహ్నములు, డచ్చి భాషలో శాసనములు చక్కగా చెక్కబడి ఉన్నవి. ఒక సమాధి రాతి మీద గెల్డ్రియా కోట రూపమే చెక్కబడినది. కూలిపోయిన కోట ఎట్లుండెనో చెప్పుటకు ఊరిలో మిగిలిన రాతి సాక్ష్యము అది.

కోటలో మరణించిన వర్తకుల పేర్లు రాళ్ళ మీద నిలిచినవి. ఇక్కడి నుండి ఓడలెక్కి పోయినవారికి గాని, వారి సరకు నేసిన నేతగాండ్రకు గాని ఊరిలో స్మారకము లేదు. విద్యార్థులు పులికాట్ ను సందర్శించునప్పుడు పక్షులను, సరస్సును, శ్మశానవాటికను చూచి మరలిపోక, ముళ్ళపొదల నడుమనున్న ఈ దిబ్బను కూడ చూడవలెను.

కాలక్రమము

* 1602 – డచ్చి ఈస్టిండియా కంపెనీ స్థాపన
* 1605-06 – మచిలీపట్నము, నిజాంపట్నములలో డచ్చి స్థావరములు
* 1610 – వేంకటపతిరాయలతో ఒప్పందము
* 1612 – పులికాట్ స్థావరముపై పోర్చుగీసు దాడి
* 1613 – గెల్డ్రియా కోట నిర్మాణము
* 1614 – వేంకటపతిరాయల మరణము
* 1621-23 – పులికాట్ లో ఇంగ్లీషు వర్తకులు
* 1652 – టావెర్నియే సందర్శన
* 1690 – ముఖ్య కేంద్రము నాగపట్నమునకు మార్పు
* 1781 – ఇంగ్లీషువారి తొలి ఆక్రమణ
* 1795 – రెండవ ఆక్రమణ
* 1805 – కోట కూల్చివేత
* 1825 – డచ్చి పాలన అంతము

ఇవి కూడా చూడండి

* పులికాట్ సరస్సు
* ఆరవీటి వంశము
* చంద్రగిరి
* గండికోట
* మచిలీపట్నము
* భీమునిపట్నము
* సెంట్ జార్జి కోట